ఒంట్లో కొవ్వు లేని మా వదిన

ఆ రోజు పొద్దున్న ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతూ ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు. "చెల్లాయ్, మీ వదిన లేదు" అన్నాడు. ఎక్కడికెళ్ళిందని అడగబోయి ఆగిపోయాను. అవతల ఆసుపత్రి వరండా చప్పుడు వినిపిస్తోంది. రిహార్సల్‌కి బయల్దేరుతూ, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ గుండె పట్టుకుని కూలబడిందట. కారులో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళేసరికే అయిపోయింది. ఆవిడకి యాభై కూడా నిండలేదు.

మధ్యాహ్నానికల్లా నా ఫోన్ నిండా సందేశాలు. "అంత ఫిట్‌గా ఉండే మనిషికి గుండెపోటేమిటి?" అని ఒకరు. "ఒంట్లో గ్రాము కొవ్వు లేదు, పాపం" అని ఇంకొకరు. ఒకాయన ఆమె పాత ఫొటో ఒకటి పెట్టి, కింద "క్రమశిక్షణకి మారుపేరు" అని రాశాడు. అవి చదువుతుంటే నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. ఈ నాలుగు మాటలూ రాస్తున్నది అందుకే. మా వదిన ప్రాణం తీసింది వాళ్ళు మెచ్చుకుంటున్న ఆ లేని కొవ్వే.

వదిన సినిమాల్లో గ్రూప్ డాన్సర్. హీరో హీరోయిన్ల వెనక వరసల్లో ఆడే మనుషుల్లో ఒకరు. మీరు ఆమెని ఎన్నోసార్లు చూసే ఉంటారు, గుర్తు మాత్రం ఉండదు. భీమవరం దగ్గర పల్లె. చర్చిలో క్రిస్మస్ పాటలకి ఆడుతూ ఆడుతూ డాన్స్ పిచ్చి పట్టుకుని హైదరాబాద్ వచ్చేసింది. మా అన్నయ్య షూటింగుల్లో లైట్లు చూసేవాడు. ఇద్దరికీ అక్కడే పరిచయం, మధురానగర్‌లో మా చర్చిలోనే పెళ్ళి. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. పెళ్ళయిన వారానికే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మాయ్, నీ గొంతు బావుందే. అద్దం ముందు ఏడవడం మాని మైకు ముందు నిలబడు" అంది. నేను అప్పటికే లావు. అద్దం ముందు ఏడుస్తానని ఆవిడకి ఎవరు చెప్పారో తెలీదు. ఇవాళ నాజూకు హీరోయిన్లకి నేను గొంతు అరువిస్తున్నానంటే ఆ ఒక్క మాట వల్లే.

ఆమె శరీరం గురించి చెప్పాలి. చెప్పకపోతే ఈ కథ లేదు. పిక్కలు ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకున్నట్టు గట్టిగా ఉండేవి. చేతుల మీద నరాలు తాళ్ళలా పైకి తేలి కనిపించేవి. తొడ మీద చర్మం పట్టుకుందామంటే వేళ్ళకి అందేది కాదు. ముఖం మాత్రం గుండ్రం, గడ్డం కింద నిండుగా ఉండేది. పాటకి డాన్సర్లని ఎంచుకునే మాస్టరు ఆమెని ఎప్పుడూ మొదటి వరసలోనే నిలబెట్టేవాడు. మిగతా అమ్మాయిలకి ఆమె కాళ్ళు చూపించి, "చూడండి, ఒళ్ళంటే ఇదీ! మీరు అన్నం తినడం మానేస్తే గానీ ఇలా అవరు" అనేవాడు. ఆ అమ్మాయిలు నిజంగానే మానేసేవాళ్ళు. వదినకి అది నచ్చేది కాదు. ఒకసారి నా ముందే ఆయనతో, "నేను కష్టపడి తెచ్చుకున్న ఒళ్ళు కాదు మాస్టారూ ఇది. పుట్టుకతో వచ్చింది. నన్ను చూపించి పిల్లల కడుపు మాడ్చకండి" అంది. ఆయన నవ్వేసి, అది వినయం అనుకున్నాడు.

ఆమె ఆకలి సంగతి మా ఇంట్లో అందరికీ నవ్వులాట. ఆదివారం చర్చి నుంచి రాగానే కోడికూర, అన్నం, మళ్ళీ అన్నం. కంచం కడిగిన గంటకే వంటింట్లో మూతల చప్పుడు. మా అమ్మ నోరు ఊరుకునేది కాదు. "ఇంత తింటుంది, ఒంటికి పట్టదు. ఆ తిండంతా ఎక్కడికి పోతుందే తల్లీ!" అనేది. వదిన సిగ్గుపడి నవ్వేది. ఒక్కసారి మాత్రం, అమ్మ లేనప్పుడు, "తిన్నాక కడుపు నిండడం అంటారు కదే, అది ఎలా ఉంటుందే?" అని నన్ను అడిగింది. నేను హాస్యమనుకున్నాను. ఆవిడ నవ్వడం లేదు.

ఇంకోటి ఆవిడ మెడ. వెనకవైపు, పక్కలకి కూడా, చర్మం నల్లగా, ముతకగా, మందమైన ముఖమల్ గుడ్డలా ఉండేది. ఓ షూటింగ్‌లో మేకప్ చేసేవాడు అందరి ముందూ, "ఏమ్మా, స్నానం చేసి రావచ్చుగా" అన్నాడు. ఇంటికొచ్చి పీచుతో రుద్దీ రుద్దీ మెడ ఎర్రగా చేసుకుంది. ఒంట్లో ఇన్సులిన్ పని సరిగ్గా జరగడం లేదని చర్మం అలా బయటికి చెబుతుందట. అన్ని వేల వాట్ల లైట్ల కింద, అంతమంది కళ్ళ ముందు ఏళ్ళ తరబడి కనిపించింది అది. రంగు పూసి కప్పేశారు.

కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది. కాన్పయ్యాక పోతుందన్నారు. మా మేనకోడలు పుట్టింది, షుగర్ పోలేదు. మాత్రలు పనిచేయలేదు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. అదీ పనిచేయలేదు. మోతాదు పెంచారు, రెట్టింపు చేశారు, ఇంకా పెంచారు. పట్టుకోవడానికి కండ తప్ప ఏమీ లేని తొడలో ఆ సూది దిగేటప్పుడు ఆవిడ పెదవి కొరుక్కోవడం నేను చూశాను.

జూబ్లీ హిల్స్‌లో బాగా పేరున్న డాక్టరొకాయన దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. రిపోర్టులు చూసి, ఆవిడని ఎగాదిగా చూశాడు. "ఇంత సన్నగా ఉన్నారు. ఈ మోతాదుకి షుగర్ తగ్గకపోవడమనేది ఉండదు. ఇంజెక్షన్ చేసుకోవడం లేదు కదూ?" అన్నాడు.

"చేసుకుంటున్నానండీ."

"అందరూ అదే అంటారు. లేదంటే చాటుగా స్వీట్లు తింటున్నారు. డాక్టరు దగ్గర అబద్ధాలాడితే నష్టం మీకే."

వదిన సంచీలోంచి సిరంజీ తీసింది, మందు ఎక్కించింది, అది ఆవిడ మధ్యాహ్నం మోతాదే, చీర కాస్త పక్కకి జరిపి ఆయన కళ్ళ ముందే పొట్ట మీద పొడుచుకుంది. తర్వాత అక్కడే కుర్చీలో కూర్చుని, "ఇక్కడే ఉంటానండీ. గంట తర్వాత చూడండి, రెండు గంటల తర్వాత చూడండి. ఏం తింటానో కూడా చూడండి" అంది. ఆయన ఇబ్బందిగా నవ్వి, బయట చాలామంది ఉన్నారమ్మా అని గంట కొట్టాడు. ఆయన ఆ రోజు నిజంగా చూసి ఉంటే? ఒక్కసారి ఆ కాళ్ళవైపు చూసి ఉంటే? ఆ గది గోడ మీద చదువుల పట్టాలు వరసగా ఉన్నాయి. వాటిని తల్చుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంటికొచ్చాక అన్నయ్య కూడా, "పోనీ నిజం చెప్పు, ఏమైనా తింటున్నావా?" అని అడిగాడు. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు.

తర్వాత కొన్నేళ్ళకి రిహార్సల్ మధ్యలో కడుపు పట్టుకుని పడిపోయింది. ఇన్సులిన్ తయారుచేసే క్లోమం వాచిందన్నారు. రక్తం తీస్తే పాలు కలిపినట్టు తెల్లగా ఉంది, అంత కొవ్వు తేలుతోంది అందులో. రక్తం తీసినతను, "ఏంటమ్మా, నెయ్యి తాగారా?" అన్నాడు. మళ్ళీ అదే నింద.

ఆ ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరమ్మ ఉంది. హార్మోన్ల జబ్బులు చూసేది. రిపోర్టులు పక్కన పెట్టి, దుప్పటి తీసి, వదిన కాళ్ళు చూసింది. పిక్క మీద, తొడ మీద చర్మం వేళ్ళతో పట్టి చూసింది. మెడ చూసింది.

"అమ్మా, కాళ్ళు ఎప్పటినుంచి ఇలా ఉన్నాయి?"

"పెద్దమనిషినయినప్పట్నించీ అండీ."

"మీ అమ్మగారికి?"

"ఆవిడకీ అంతే. మగరాయుడి కాళ్ళనేవారు మా ఊళ్ళో. షుగరొచ్చి చిన్న వయసులోనే పోయింది."

డాక్టరమ్మ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అప్పటిదాకా మాకెవరూ చెప్పనిది చెప్పింది. కొవ్వంటే శత్రువని అందరూ అనుకుంటారు గానీ, చర్మం కింద ఉండే కొవ్వు మనకి కావలసిన అవయవమే. తిన్నదాంట్లో మిగిలింది అక్కడ భద్రంగా ఉంటుంది. ఇక చాలు, కడుపు నిండిందని మెదడుకి కబురు పంపేది కూడా ఆ కొవ్వే. కొందరికి పుట్టుకతో వచ్చిన లోపం వల్ల ఈడొచ్చేసరికి చేతుల్లో, కాళ్ళలో ఆ కొవ్వు లేకుండా పోతుంది. "సామాన్లు పెట్టుకునే గది లేని ఇంట్లో బియ్యం బస్తాలు వంటింట్లోకీ పడగ్గదిలోకీ వచ్చేస్తాయి కదమ్మా. మీ ఒంట్లో కొవ్వు అలా కాలేయంలోకి, కండల్లోకి, రక్తంలోకి వెళ్ళిపోయింది. అక్కడ చేరాక ఆ అవయవాలు ఇన్సులిన్ మాట వినవు. ఎంత పొడిచినా వినవు" అంది. దాని పేరు లైపోడిస్ట్రోఫీ అంది.

నా వైపు కూడా చూసి చెప్పింది, మొహమాటం లేకుండా. లావుగా ఉన్నవాళ్ళకి ఆ గది నిండిపోయాక అదే జరుగుతుందట. మిగిలింది పొట్ట లోపలికి, కాలేయంలోకి చేరుతుంది. "గది లేకపోయినా, ఉన్న గది పట్టకపోయినా చివరికి వచ్చే జబ్బు ఒకటే. కాబట్టి మీరూ పరీక్ష చేయించుకోండి" అంది. చేయించుకున్నాను. షుగర్ అంచు మీద ఉన్నాను. అది వేరే సంగతి.

వదిన అంతా విని, "అంటే నేను చాటుగా తినలేదన్నమాట" అంది.

"లేదమ్మా. మీ ఆకలి కూడా నిజమైన ఆకలే."

"ఆ మాట ఇంకోసారి చెప్పండి. మా ఆయన వినేలా చెప్పండి."

డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది. గుమ్మం దగ్గర నిలబడ్డ అన్నయ్య తలెత్తలేదు. వదిన గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది. జబ్బు తెలిసినందుకు కాదు. ఇన్నేళ్ళు తనని దొంగని చేసినందుకు.

ఆ తర్వాత నూనె చుక్క లెక్కన వాడింది. మందులు మార్చారు. షుగర్ కొంత దిగింది. కానీ అప్పటికే గుండె నాళాలు పాడయ్యాయి. అయినా ఆవిడకి కొత్త బలమొచ్చింది. కోపం వచ్చింది. అంతకుముందు సిగ్గుపడే చోటల్లా ఇప్పుడు పోట్లాడేది.

నాకో టీవీ కార్యక్రమంలో కనిపించే అవకాశం వచ్చింది. తగ్గి రమ్మన్నారు. ఒంట్లో కొవ్వు గొట్టంతో లాగేసే క్లినిక్ ఒకటి చూసుకుని వెళ్ళాను. ఎలా తెలిసిందో, వదిన ఆటో దిగి నా వెనకే లోపలికొచ్చేసింది. కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయిని అడిగింది:

"పొట్ట లోపల పేగుల చుట్టూ ఉండేది తీస్తారా అమ్మా?"

"అది కుదరదు మేడమ్. చర్మం కింద ఉండేదే తీస్తాం."

"అంటే చెడ్డది ఉంచేసి, కాపాడేది తీస్తారు. తర్వాత ఇది తిన్నది ఎక్కడ పెట్టుకోవాలి?"

ఆ అమ్మాయి ఒక రంగుల కాగితం చేతిలో పెట్టింది. వదిన నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. రోడ్డు మీద కార్లు ఆగి చూస్తుండగా, "రోజూ నడువు. అన్నం తగ్గించు. నీ ఒంట్లో షుగర్ కోసం చెయ్, నేను తోడొస్తాను. వాళ్ళ టీవీలో ఇరుకు కుర్చీ కోసం ఒళ్ళు కోయించుకోకే! నాకు లేక చస్తున్నాను" అని అరిచింది. ఆ కార్యక్రమం ఇంకెవరికో వెళ్ళింది. వెళ్ళనీ.

ఒక్క పోట్లాటలో మాత్రం ఆవిడ గెలవలేదు. ఈ జబ్బు తల్లి నుంచి బిడ్డకి రావచ్చు కాబట్టి అమ్మాయికి పరీక్ష చేయించమంది డాక్టరమ్మ. అన్నయ్య ఒప్పుకోలేదు. "పెళ్ళి కావలసిన పిల్ల. లేని జబ్బు అంటగట్టొద్దు. చక్కగా సన్నగా ఉంది" అన్నాడు. "నేనూ చక్కగానే ఉన్నానండీ" అంది వదిన. ఆ మాట మీద వాళ్ళిద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు. చివరికి ఆవిడే అలిసిపోయింది.

భూస్థాపన అయ్యాక మూడో రోజున, పోయినవాళ్ళని తలుచుకుని ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు, చర్చి పక్క హాల్లో. దాని కోసం ఫొటో పెద్దది చేయించడానికి నేనూ మేనకోడలూ వెళ్ళాం. స్టూడియో అతను తనంతట తానే మెడ దగ్గర నలుపంతా చెరిపి తెల్లగా చేసి ఇచ్చాడు. మేనకోడలికి పందొమ్మిదేళ్ళు, తల్లి పోయి మూడు రోజులు. "మా అమ్మ మెడ మాకు తిరిగి ఇచ్చేయండి" అంది అతనితో. అతను ఇంకేమీ మాట్లాడకుండా పాతదే తీశాడు.

కూడికలో మాస్టరు మాట్లాడాడు. బాగానే మొదలుపెట్టాడు. ఆయనకీ బాధ ఉంది, కాదనను. కానీ చివర్లో, "చివరి రోజు వరకూ ఒంట్లో కొవ్వు చేరనివ్వలేదు. అదీ సాధన! ఈ పాపకీ అమ్మ కాళ్ళే వచ్చాయి. నా తర్వాతి పాటలో మొదటి వరస నీదేనమ్మా" అన్నాడు. కొందరు చప్పట్లు కూడా కొట్టబోయారు.

నేను లేచాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను.

"మాస్టారూ, అది సాధన కాదు, జబ్బు. మీరు మెచ్చుకున్న ఆ కాళ్ళే ఆమె గుండె తీసుకున్నాయి. ఆమెని చూపించి మీరు ఎంతమంది ఆడపిల్లల చేత అన్నం మాన్పించారు? డాక్టర్లు దొంగన్నారు, మేకప్‌వాడు మురికిదన్నాడు, ఇంట్లో మేం తిండిపోతన్నాం, మీరు దేవతన్నారు. ఒక్కరైనా, ఒక్కరైనా ఏమైందమ్మా నీకు అని అడిగారా? ఇప్పుడు ఆ పిల్ల కాళ్ళ మీద కన్నేశారా?"

ఇంకా ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు. పాస్టరుగారు, "అమ్మా, శాంతించండి" అన్నారు. "ఇవాళ కాదండీ" అన్నాను. మాస్టరు తల వంచుకుని కూర్చున్నాడు.

భోజనాల దగ్గర షేక్‌పేట నుంచి వచ్చిన ఒక డాన్సరమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. చున్నీ తీసి వెనక్కి తిరిగింది. "అక్కా, జర చూడు. నాకు గూడ గిట్లనే నల్లగైంది. రోజూ పీచుతోని రుద్దుతున్న, పోతలేదు. మురికి అనుకున్న." ఆమె సన్నటి మనిషి కాదు. పాట వచ్చినప్పుడల్లా కడుపు మాడ్చుకుని, పాట అయ్యాక విరుచుకుపడి తినేదట. ఆమెకి వదిన జబ్బు లేదు, చాలామందికి వచ్చే మామూలు రకమేనని తర్వాత తేలింది. షుగర్ అప్పుడే మొదలవుతోంది. వేళకి దొరికింది.

ఆమెని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తుంటే మేనకోడలు వచ్చి కారు వెనక సీట్లో కూర్చుంది. "నేనూ వస్తాను అత్తా" అంది. "నాన్న?" అన్నాను. "చెప్పే వచ్చాను. గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు, వద్దని అనలేదు" అంది.

దానికీ అదే ఉంది. కాలేయంలో అప్పుడే కొవ్వు మొదలైంది, షుగర్ ఇంకా రాలేదు. ఇంత తొందరగా తెలిస్తే చాలా చేయొచ్చని డాక్టరమ్మ అంది. వారం తర్వాత మాస్టరే దానికి ఫోన్ చేశాడు, పాట గురించి అడగబోయి తడబడ్డాడు. మేనకోడలు, "అమ్మ కాళ్ళు వచ్చిన మాట నిజమేనండీ. అందుకే ఆసుపత్రికి వెళ్ళాను. మీ గ్రూపులో అందరినీ ఒకసారి పంపించండి, తర్వాత పాట సంగతి మాట్లాడదాం" అంది. పంపిస్తానన్నాడు. ఇంతవరకూ నలుగురొచ్చారు. మిగతావాళ్ళ కోసం నేను అడుగుతూనే ఉంటాను. నా గొంతు అందుకు పనికొస్తుంది.

వదినని నేను ప్రాణంతో చివరిసారి చూసింది ఆవిడ పోవడానికి కొద్ది రోజుల ముందు, ఒక సాయంత్రం. జూబ్లీ హిల్స్‌లో ఒక అపార్టుమెంటు కింద, కార్లు పెట్టుకునే చోట పిల్లలకి డాన్స్ నేర్పేది. నేను వెళ్ళేసరికి ఒక బొద్దు పిల్ల ఎదురుగా నిలబడి ఉంది, ఎనిమిదేళ్ళుంటాయేమో. దాని తల్లి వదినతో, "కాస్త సన్నగా చేయండి మేడమ్, స్కూల్లో వెక్కిరిస్తున్నారట" అంటోంది.

"డాన్స్ నేర్పుతానండీ. సన్నగా చేయడం నాకు రాదు" అంది వదిన.

తర్వాత పిల్లవైపు తిరిగింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నరాలు తేలిన ఆ చేతులతో తాళం వేస్తూ, "ఏంటే ఆ మెత్తటి అడుగు? గట్టిగా వెయ్యి. నేల అదరాలి" అంది. పిల్ల భయంభయంగా ఒక అడుగు వేసింది. "ఇంకా గట్టిగా!" ఈసారి కాలు ఎత్తి దబ్బున వేసింది. పక్కనున్న కారు అలారం ఉలిక్కిపడి కూత పెట్టింది. పిల్ల బెదిరి తల్లివైపు చూసింది. వదిన మాత్రం పగలబడి నవ్వుతూ రెండు చేతులూ చాచి, "అదీ! మళ్ళీ వెయ్యి, మళ్ళీ వెయ్యి" అంటోంది.